గోడ మీది ఏడు సూత్రాలను తెలుగులో ఎలా దిద్దాలి?

హన్మకొండ పాఠకుడు:
మిత్రులకు నమస్కారం. మా డిగ్రీ కళాశాలలో నెలకొకసారి జరిగే పఠన గోష్ఠిలో ఈసారి జార్జ్ ఆర్వెల్ 1945లో ప్రచురించిన ‘యానిమల్ ఫామ్’ గురించి నేను మాట్లాడవలసి ఉంది. పిల్లల్లో ఎక్కువ మంది తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారు కనుక ముఖ్యమైన ఘట్టాలను నేనే తెలుగు చేసి చదివి వినిపిద్దామనుకున్నాను. కథ సులువుగానే లొంగింది గానీ, గోడ మీద రాసిన ఏడు సూత్రాల దగ్గర కలం మొరాయించింది.

కథ తెలియనివారి కోసం రెండు మాటలు. యజమానిని తరిమివేసిన జంతువులు తమ రాజ్యాంగాన్ని తారు పూసిన గోడ మీద తెల్లరంగుతో రాసుకుంటాయి. ఆ తరువాత పాలకులుగా మారిన పందులు తమకు అవసరం పడినప్పుడల్లా రాత్రివేళ ఒక్కొక్క సూత్రం చివర ఒకటి రెండు మాటలు చేరుస్తాయి. ఏ జంతువూ మంచం మీద పడుకోరాదన్న నాలుగో సూత్రం చివర ‘దుప్పట్లతో’ అని, మద్యం తాగరాదన్న అయిదో సూత్రం చివర ‘అతిగా’ అని, తోటి జంతువును చంపరాదన్న ఆరో సూత్రం చివర ‘కారణం లేకుండా’ అని వచ్చి చేరతాయి. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది కాబట్టి వాక్యం తోక ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. తెలుగులో క్రియ వచ్చిందంటే వాక్యానికి తలుపు వేసినట్టే. ‘దుప్పటి పరిచిన మంచం మీద ఏ జంతువూ పడుకోరాదు’ అని రాయాలంటే గోడ మీది వాక్యాన్ని మొత్తం చెరిపి మొదటినుంచీ రాయాలి, అలా రాస్తే చదువు వచ్చిన గాడిద ఒక్కటే కాదు, కథలోని తెలివితక్కువ గొర్రెలు కూడా పసిగడతాయి. దీనికి ఏమైనా ఉపాయం ఉందా?

కాజీపేట జంక్షన్:
సార్, మీరు రాతభాషలో వెతుకుతున్నారు కనుక దారి కనిపించడం లేదు. మనం మాట్లాడేటప్పుడు క్రియ తరువాత కూడా మాటలు చేరుస్తూనే ఉంటాం కదా. ‘నేను రాను, రేపటి దాకా’ అంటాం, ‘వాడు ఇవ్వడు, అడగకుండా’ అంటాం. అదే పద్ధతిలో ‘ఏ జంతువూ మరో జంతువును చంపరాదు, నిష్కారణంగా’ అని రాసి చూడండి. చివర ఉన్న చుక్కకు కింద చిన్న తోక గీస్తే కామా అవుతుంది. రంగు డబ్బా, నిచ్చెన ఉంటే చాలు, చెరపవలసిన పనే లేదు.

ఇంకొక సంగతి కూడా పిల్లలకు చెప్పండి. ఒక్క మాట మార్చితే ఎంత మారుతుందో ఈ రచయితకు స్వానుభవం ఉంది. 1903లో బీహార్‌లోని మోతీహారిలో పుట్టిన ఈ మనిషి 1941 నుంచి 1943 వరకు బీబీసీ తూర్పు విభాగంలో భారతీయ శ్రోతల కోసం యుద్ధకాలపు ప్రసారాలు తయారుచేసే ఉద్యోగం చేశాడు, అంటే ప్రచారపు వంటగదిలో తానే కొన్నాళ్లు గరిట తిప్పాడు. పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు ఆయన అందులో ఒక దిద్దుబాటు కోరాడు. కథలో పందుల నాయకుడు నెపోలియన్, స్టాలిన్‌కు ప్రతిరూపం. జంతువులు కట్టిన గాలిమర పేలిపోయినప్పుడు ‘నెపోలియన్‌తో సహా’ జంతువులన్నీ నేలకు కరుచుకున్నాయని మొదట రాసినదాన్ని ‘నెపోలియన్ తప్ప’ అని మార్పించాడు. 1941లో జర్మన్ సేనలు మాస్కో దగ్గరకు వచ్చినప్పుడు స్టాలిన్ నగరం వదిలి పోలేదు కనుక, తాను దుయ్యబడుతున్న మనిషికి కూడా అన్యాయం చేయరాదని ఆయన భావించాడు.

రెవెన్యూ విశ్రాంత ఉద్యోగి:
నేను ముప్పై ఏళ్లు తహసీలు కార్యాలయాల్లో ఉత్తర్వులు రాసినవాడిని. కామా పెట్టి మాట చేర్చడం ఇంటి దగ్గర చెల్లుతుంది గానీ చట్టంలో చెల్లదు. ప్రభుత్వ తెలుగులో ఈ పనికి ఎప్పటినుంచో ఒక మాట ఉన్నది, అది ‘అయితే’. ‘ఏ జంతువూ మంచం మీద పడుకోరాదు. అయితే, దుప్పటి పరచని మంచానికి ఈ నిబంధన వర్తించదు.’ పై వాక్యాన్ని ముట్టుకోకుండానే దాని ప్రాణం తీయవచ్చును.

హన్మకొండ పాఠకుడు:
పెద్దలు చెప్పినది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. కానీ ‘అయితే’ అన్న మాటలో ఒక విధమైన నిజాయితీ ఉంది. సవరణ జరిగిందని అది తానే ఒప్పుకుంటుంది. కథలోని మోసం అటువంటిది కాదు. దుప్పట్ల ప్రసక్తి ముందు ఉన్నట్టు క్లోవర్ అనే గుర్రానికి గుర్తు లేదు. అయినా గోడ మీద ఉన్నది కనుక మొదటినుంచీ ఉండే ఉంటుందని అది తనకు తాను సర్దిచెప్పుకుంటుంది. చట్టాన్ని మార్చడంతో పని పూర్తి కాదు, జ్ఞాపకాన్ని కూడా మార్చాలి. అందువల్ల కాజీపేట వారి కామాకే నా ఓటు.

మానేరు ఒడ్డు:
నేను కరీంనగర్‌లో చాలా ఏళ్లు ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను కాబట్టి ఈ విషయం మీద కొంచెం వివరంగా రాయాలనిపిస్తోంది. క్రియ తరువాత మాట చేర్చడం ఇంగ్లీషు పందుల పద్ధతి. తెలుగు పందికి అంతకంటే మంచి పనిముట్టు క్రియలోనే దొరుకుతుంది. మన భాషలో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది. ‘చంపారు’ అంటే ఎవరు అని అడగబుద్ధి అవుతుంది. ‘మృతి చెందారు’ అంటే ఆ ప్రశ్న పుట్టదు, ఎందుకంటే అక్కడ చనిపోయినవాడే కర్త. ‘కాల్చారు’ అంటే తుపాకి ఒకరి చేతిలో ఉంటుంది. ‘కాల్పులు చోటుచేసుకున్నాయి’ అంటే వాన పడినట్టు, తెల్లవారినట్టు, వాటంతట అవే జరిగిపోతాయి. రాత్రి పదకొండు గంటలకు వచ్చే ప్రకటనల్లో ‘ఎదురుకాల్పులు జరిగాయి, ఇద్దరు మృతి చెందారు’ అన్న వాక్యాన్ని నేను ఎన్నిసార్లు యథాతథంగా పేజీలో పెట్టానో లెక్క లేదు. ఎన్‌కౌంటర్ అన్న మాట మన పల్లెల్లో ఇంగ్లీషు రాని ముసలమ్మలకు కూడా తెలిసిన తెలుగు మాట అయిపోయింది.

అడవి వైపు నుంచి వచ్చే కరపత్రాల భాష దీనికి సరిగ్గా ఎదురుగా ఉండేది. అక్కడ కర్త దాగడు, ఉబ్బిపోతాడు. ‘ప్రజలు శిక్షించారు’ అని ఉండేది. ఏ ప్రజలు, ఎంతమంది, వారిని ఎవరు అడిగారు అన్నది ఆ వాక్యంలో ఉండదు. ఒకరు కర్తను మాయం చేస్తే, రెండోవారు కర్తను ఊరందరికీ పంచిపెట్టారు. శవం పక్కన ఏడ్చే తల్లికి రెండు వాక్యాల్లోనూ చోటు లేదు. కథలోని స్క్వీలర్ అనే పంది ఈ రెండు విద్యలూ నేర్చినది. పాలు, ఆపిల్ పండ్లు మాయమైనప్పుడు ఎవరు తిన్నారన్నది మొదట మాట్లాడదు. తరువాత తాము తినడం మీ అందరి మేలు కోసమేనని చెబుతుంది.

బొగ్గుబావి:
గోదావరిఖని నుంచి రాస్తున్నాను. బావిలో కోల్ ఫిల్లర్‌గా తట్టా చెమ్మస్ పట్టి పనిచేసి దిగిపోయినవాడిని. ఈ పుస్తకంలో బాక్సర్ అనే గుర్రం ప్రతి కష్టానికీ ‘ఇంకా ఎక్కువ పనిచేస్తాను’ అనే ఒక్క మాటనే జవాబుగా చెబుతుంది. దాన్ని చదివినప్పుడు నాకు సోవియట్ గని కార్మికుడు స్తఖనోవ్ గుర్తుకు వచ్చాడు. 1935 ఆగస్టు చివరి రాత్రి దొన్బాస్ గనిలో ఆయన ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు కోశాడని, అది నిర్ణయించిన కోటాకు పద్నాలుగు రెట్లని సోవియట్ పత్రికలు దేశమంతా చాటాయి. ఆయన కష్టజీవి కాడని నేను అనను. కానీ బొగ్గు కోసే ఫేసు దగ్గర పనిచేసినవాడికి ఆ అంకె వినగానే ఒక సందేహం వస్తుంది, పైకప్పు కూలకుండా ఆపే దిమ్మెలు ఎవరు పెట్టారు? ఆ రాత్రి ఆయన కోస్తూ పోతుంటే వెనుక దిమ్మెలు నిలబెట్టినవారు వేరే ఉన్నారు. మామూలు రోజుల్లో కోసినవాడే ఆ పని కూడా చేసుకోవాలి.

మానేరు ఒడ్డు అమ్మ వ్యాకరణం చెప్పారు కాబట్టి నేను కూడా ఒకటి అడుగుతాను. ‘కోశారు’ అనవలసిన చోట ‘కోశాడు’ అన్నారు, అంతే కదా అబద్ధం? ఆ ఏకవచనం నుంచి ఒక ఉద్యమం పుట్టింది, ఆ ఉద్యమం పేరు చెప్పి మిగిలిన గనుల్లో కోటాలు పెంచారు.

కాజీపేట జంక్షన్:
అన్నా, మీరు చెప్పినది అక్షరాలా నిజం. అయితే తెలుగులో చిక్కు ఏమిటంటే ‘కోశారు’ అన్నా ఒక్కడికి గౌరవమిచ్చినట్టే ఉంటుంది, పక్కనున్నవారు ఆ గౌరవ వాచకంలో మళ్లీ మాయమైపోతారు!

వేయిస్తంభాలు:
నేను చరిత్రలో పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఇక్కడి పెద్దలందరూ ప్రచార భాషను విప్లవం తరువాత పట్టిన తుప్పుగానే చూస్తున్నారు. విప్లవం తొలిరోజుల్లో అదే భాష విడుదల పత్రంగా ఉండేదని నాకు అనిపిస్తుంది. 1917 మార్చిలో రష్యాలో కార్మికుల, సైనికుల మండలి అయిన పెట్రోగ్రాడ్ సోవియట్ జారీ చేసిన మొదటి ఉత్తర్వులో సైనికులను అధికారులు ‘నువ్వు’ అని పిలవరాదని, సైనికులు అధికారులను ‘ఘనత వహించిన’ వంటి బిరుదులతో సంబోధించనక్కరలేదని రాశారు. ఫ్రాన్స్‌లో అంతకు ముందే దొరగారు, దొరసాని అన్న పిలుపులు పోయి ‘పౌరుడు’ అన్న పిలుపు వచ్చింది. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అన్న మాట నోట పలకడం మానేసిన రోజే మన పల్లెల్లో తిరుగుబాటు మొదలైందని మా అమ్మమ్మ చెప్పేది. మాట మారకుండా మనిషి నిటారుగా నిలబడడు.

అయితే ఫ్రాన్స్‌లో ఆ ‘పౌరుడు’ అన్న పిలుపు వాడుకలో ఉండగానే, వేలమందిని గిలటిన్‌కు పంపిన పాలనను నడిపిన సంఘానికి ‘ప్రజా రక్షణ సంఘం’ అని పేరు. 1921 మార్చిలో రష్యాలో పెట్రోగ్రాడ్ దగ్గరి నౌకా స్థావరమైన క్రోన్‌స్టాట్ నావికులు రహస్య ఓటుతో సోవియట్లకు మళ్లీ ఎన్నికలు జరపమని, కార్మికులకు, రైతులకు వాక్ స్వాతంత్ర్యం ఇవ్వమని అడిగారు. విప్లవంలో ముందు నడిచినవారు వారే. ప్రభుత్వ పత్రికలు వారి తిరుగుబాటును పాత సైన్యపు జనరల్ ఒకడు పన్నిన, విప్లవాన్ని వ్యతిరేకించే శ్వేత సైనికుల కుట్రగా వర్ణించాయి. పాలు, ఆపిల్ పండ్లు పందులు తమకే ఉంచుకున్న ఘట్టమే కథకు మలుపు అని, అక్కడే జంతువులు అడ్డం తిరగవలసిందని ఆర్వెల్ ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెబుతూ క్రోన్‌స్టాట్‌ను ప్రస్తావించాడు. కనుక మానేరు ఒడ్డు అక్క ఆ పాలను ఎత్తిచూపడం సరైన చోటే వేలు పెట్టడం.

జనగామ పెద్దాయన:
ఈ చర్చను మొదటినుంచీ చదువుతున్నాను. మా నాయన సంఘంలో, అంటే ఆంధ్ర మహాసభలో, పనిచేసినవాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల తూటాకు ఒరిగిన తరువాత మా చుట్టుపక్కల ఊళ్లన్నీ కర్రలు, వడిసెలలు పట్టుకుని లేచిన సంగతి ఆయన నోటివెంట విన్నాను. అందుచేత ఈ పుస్తకం మీద నాకొక ఫిర్యాదు ఉన్నది. దీన్ని చదివినవాడు ‘ఎవరు వచ్చినా ఇంతే, తిరగబడి లాభం లేదు’ అని చేతులు దులుపుకుని లేస్తున్నాడు. వెట్టి చేసినవాడికి ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికైనా ఉన్నదా? 1954లో వచ్చిన దీని కార్టూన్ సినిమాకు డబ్బు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ సమకూర్చింది. పుస్తకంలో పందులు, మనుషులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే బయట నుంచి చూసే జంతువులకు ఏది ఎవరి ముఖమో తెలియకుండా పోతుంది. సినిమాలో ఆ ముగింపును తీసేసి జంతువులు మళ్లీ తిరగబడి పందులను కూల్చినట్టు చూపించారు. ప్రచారాన్ని ఎండగట్టిన పుస్తకానికే ప్రచారం కోసం తోక మార్చారు. దీని మీద మీరంతా ఏమంటారు?

మాటల సంగతికి వస్తే, 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు నిజాం హైదరాబాద్ రాజ్యం మీద ట్యాంకులతో, విమానాలతో జరిగిన భారత సైనిక దాడికి ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టారు. సైన్యం లోపల దాని పేరు ఆపరేషన్ పోలో. మా ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ పుట్టుకలు, చావులు ‘పోలీస్ యాక్షన్’ ముందా తరువాతా అని లెక్క చెబుతారు గానీ అందులో పోలీసులు ఎక్కడున్నారని ఎవరూ అడగరు.

కాజీపేట జంక్షన్:
పెద్దయ్యా, సినిమా విషయంలో మీ కోపం న్యాయమైనది. పుస్తకం విషయంలో మాత్రం ఒక మనవి. మొదటి యజమాని జోన్స్ మంచివాడని ఆర్వెల్ ఎక్కడా రాయలేదు. అతడు తాగి పడిపోయి పశువులకు మేత వేయడం మరిచిపోతాడు, కొట్టు తలుపు పగలగొట్టుకుని తిన్నందుకు కొరడాతో కొట్టిస్తాడు. ఆ తిరుగుబాటులో ఒక్క వాక్యం కూడా ఎగతాళి లేదు. నాయకుల పని అయిపోయిన వెంటనే వారిని దించడం తెలిసిన ప్రజలు ఉంటేనే విప్లవం నిలుస్తుందన్నది తన ఉద్దేశమని ఆయన ఉత్తరంలోనే ఉంది. అప్పుడు యుద్ధంలో బ్రిటన్‌కు రష్యా మిత్రదేశం కావడంతో ఒక ప్రచురణకర్త సమాచార మంత్రిత్వ శాఖ అధికారి సలహా విని పుస్తకాన్ని వెనక్కి పంపాడు. పాలకులను పందులుగా చూపడం నొప్పిస్తుందని కూడా అన్నాడు. కనుక ఈ పుస్తకాన్ని ఇష్టపడని ప్రభుత్వాలు రెండు వైపులా ఉండేవి.

నిర్వాహకులు:
సెప్టెంబరు 17 విషయమై మాకు ఇప్పటికే మూడు ఫిర్యాదులు వచ్చాయి. 2022లో కేంద్రం ఆ రోజును ‘హైదరాబాద్ విమోచన దినం’గా, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ‘తెలంగాణ జాతీయ సమైక్యతా దినం’గా జరిపాయి, 2024లో రాష్ట్రంలో అది ‘ప్రజాపాలన దినోత్సవం’ అయింది. ఒక తేదీకి ఇన్ని పేర్లు రావడం ఈ చర్చకు సంబంధించినదే కనుక ఇంతవరకు ఉంచుతున్నాము. ఏ పేరు సరైనదన్న వాదానికి వేరే చర్చ తెరవగలరు.

రెవెన్యూ విశ్రాంత ఉద్యోగి:
మన పంచతంత్రంలో దమనకుడు అనే నక్క ఉన్నాడు కదా, స్క్వీలర్ అతడి తమ్ముడేనా? చిన్నయసూరి నీతిచంద్రికలో ‘మిత్రభేదం’ మాకు పాఠంగా ఉండేది.

హన్మకొండ పాఠకుడు:
పోలిక బాగుంది గానీ ఒక తేడా ఉంది. దమనకుడు సింహరాజు పింగళకుడి చెవిలో ఒకటి చెబుతాడు, ఎద్దు సంజీవకుడి చెవిలో ఇంకొకటి చెబుతాడు. రాజు ఒక్కడిని నమ్మిస్తే అతడి పని అయిపోతుంది, అడవిలోని మిగిలిన జంతువులు ఏమనుకున్నా అతడికి పట్టదు. స్క్వీలర్‌కు ఆ సౌకర్యం లేదు. అందరూ సమానమని గోడ మీద రాసుకున్న చోట అందరినీ ఒప్పించాలి, ఒప్పుకున్నామని వారిచేతనే అనిపించాలి. ప్రచారమనే వృత్తి రాచరికంలో కంటే విప్లవంలోనే ఎక్కువ అవసరమవుతుంది.

మరొక చిక్కు మీ ముందుంచుతాను. ఇంగ్లీషులో ‘వుయ్’ అన్న ఒక్క మాటలో స్క్వీలర్ తలదాచుకుంటాడు. తెలుగులో ‘మేము’ అనాలా, ‘మనం’ అనాలా తేల్చుకోక తప్పదు. పాలు తాగేది ‘మేము’, గాలిమర కట్టేది ‘మనం’ అని రాశాను. తెలుగులో ఈ పంది తొందరగా దొరికిపోతుందేమో.

మానేరు ఒడ్డు:
దొరకదు సార్. ఎన్నికల సభల్లో వినండి. ‘మనం కష్టాలు పడ్డాం, మనం కొట్లాడినం’ అని మొదలుపెట్టి, ‘మేము ఇచ్చాము’ అన్న దగ్గరికి వచ్చేసరికి చప్పట్ల మోతలో ఆ మలుపు ఎవరి చెవినా పడదు.

వేయిస్తంభాలు:
ఏడో సూత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. జంతువులన్నీ సమానమేనని, కానీ కొన్ని ఎక్కువ సమానమని చివరికి గోడ మీద మిగిలేది అదొక్కటే కదా. దాన్ని ఎలా తెలుగు చేశారు?

హన్మకొండ పాఠకుడు:
మొదట ‘జంతువులన్నీ సమానమే’ అని రాసుకున్నాను. రాసిన తరువాత రెండు రోజులు ఏదో తేడాగా అనిపించింది. మన వాడుకలో ‘పిల్లవాడు మంచివాడు’ అంటే మాట పూర్తయింది. ‘మంచివాడే’ అన్నామంటే ఎదుటివాడు ‘గానీ?’ అని ఆగి చూస్తాడు. ఆ ‘ఏ’లోనే మినహాయింపు కూర్చుని ఉంటుంది. కాబట్టి తిరుగుబాటు రోజున గోడ మీద ఉండవలసినది ‘జంతువులన్నీ సమానం’ అని మాత్రమే. తెలుగు స్క్వీలర్ తరువాత ఒక రాత్రి వచ్చి చివరి సున్న చెరిపి ‘మే’ అని రాసి వెళ్తాడు. ‘కానీ కొన్ని జంతువులు ఎక్కువ సమానం’ అన్న రెండో భాగానికి చాలా ముందే ఈ పని అయిపోవాలి. ఇది మూలంలో లేని దిద్దుబాటు, అనువాదకుడిగా నాకు ఈ చొరవ ఉందో లేదో మీరే చెప్పాలి.

కాజీపేట జంక్షన్:
నా అభిప్రాయంలో ఉంది సార్. ఇంగ్లీషుకు లేని తలుపు మన భాషలో ఉన్నప్పుడు పంది దాన్ని వాడుకోకుండా ఉంటుందా?

జనగామ పెద్దాయన:
ఈ ఒక్క విషయంలో నేను కూడా ఒప్పుకుంటున్నాను. ‘భూమి మీదే’ అన్నవాళ్లను మేము చూశాము.

హన్మకొండ పాఠకుడు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న గోష్ఠి జరిగింది. ఉదయం నల్లబల్ల మీద ఏడు సూత్రాలు రాయించి, టీ విరామంలో పిల్లలు బయటికి వెళ్లినప్పుడు ఏడోదాని చివర సున్న చెరిపి ‘మే’ చేర్చాను, ఆరోదాని చుక్కకు తోక గీసి ‘నిష్కారణంగా’ అని రాశాను. తిరిగి వచ్చాక ఆరోదాన్ని ఇద్దరు ముగ్గురు వెంటనే పట్టుకున్నారు. ఏడోదాన్ని ఎవరూ పట్టుకోలేదు. నేనే చూపించినప్పుడు కూడా అది పొద్దుటినుంచీ అలాగే ఉందని వెనుక బెంచీల వారు గట్టిగా వాదించారు. చివరికి ములుగు నుంచి వచ్చే ఒక అమ్మాయి తన ఫోన్‌లో ఉదయం తీసుకున్న ఫొటో తెరిచి చూపించింది. దానిని చూసిన తరువాత కూడా ఒక పిల్లవాడు, ‘సార్, సమానం అన్నా సమానమే అన్నా ఒకటే కదా’ అన్నాడు. మిగిలిన గంట అంతా ఆ ప్రశ్న మీదే గడిచింది, నేను తయారుచేసుకున్న ఉపన్యాసం సంచిలోనే ఉండిపోయింది.